చర్చి మెట్ల మీద మేస్త్రి

రాజమండ్రిలో మా పాత చర్చికి ఉన్న మొట్టమొదటి ఫోటో కింద, చర్చి సావనీరు సంచికలో, "మనుషులెవరూ లేని వేళ తీసినది" అని రాసింది నేనే. అది తప్పు.

సావనీరు పని నాకు అప్పగించినప్పుడు మా సంఘంలోని పెద్దావిడ ఒకరు ఇంటికి వచ్చారు. నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆ ఫోటోలో మెట్ల మీద ఉన్నది తన ముత్తాతేనని, చర్చికి సున్నం పని చేసిన మేస్త్రి ఆయనేనని, ఆ మాట ఫోటో కింద వేయమని అడిగారు.

ఫోటో ఆవిడ ముందు పెట్టాను. గంట గోపురం, కమానులు, కిటికీల నీడలు గీసినట్టున్నాయి. కింది మెట్టు మీద ఏదో మరక తప్ప మనిషి జాడ లేదు.

"ఎక్కడండీ?"

"కదిలాడంట బాబూ. ఆ కెమెరా పెట్టెకెదురుగా ఊపిరి బిగబట్టి నిలబడమన్నారంట. ఈయన కుదురుగా ఉంటేనా? మా ఇంట్లో అల్లరి పిల్లల్ని ఇప్పటికీ ఆయన పోలికే అంటాం."

కనిపించని మనిషికి మంచి సాకే దొరికిందనుకున్నాను. పైగా చర్చి కమిటీ ఎన్నికలు దగ్గర పడ్డాయి, ఆవిడ కొడుకు పోటీలో ఉన్నాడు. చర్చి కట్టినవాళ్ళ వంశమంటే ఓట్లు పడతాయి. ఆదివారం ఆరాధన అయ్యాక, ఆవిడ వింటుండగానే, "కనిపించని మేస్త్రిగారికి కూడా ఓటుందాండీ?" అన్నాను. అందరూ నవ్వారు. ఆవిడ మళ్ళీ మా చర్చికి రాలేదు. మరక ఉన్న భాగం కత్తిరించి ఫోటో అచ్చు వేయించాను.

నిరుడు ఆ ఫోటో నెగటివ్‌ను, అంటే అసలు గాజు పలకను, స్కాన్ చేయించాం. పెద్దది చేసి చూస్తే మరక కాదు, రెండు పాదాలు. వేళ్ళతో సహా స్పష్టంగా ఉన్నాయి. మోకాళ్ళ పైన పొగలాంటి చార, దాని వెనక గోడ. ఆ రోజుల్లో కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంచేవారట. కదలనిదే మిగిలేది.

ప్రింటు తీసుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను. చాలాసేపు చూశారు.

"నాకెందుకు బాబూ, నాకు తెలిసిందేగా. నవ్వినవాళ్ళకి చూపించండి."

ఆదివారం అందరి ముందూ చూపించి, జరిగింది చెప్పాను. వెనక వరసలోంచి ఒకాయన, "ఏంటండీ, వాళ్ళబ్బాయి మిమ్మల్నేమైనా సెక్రటరీని చేస్తానన్నాడా?" అన్నాడు. మళ్ళీ నవ్వులు.

ఫోటో కింద 'మెట్ల మీద ఉన్నది ఈ చర్చికి సున్నం పని చేసిన మేస్త్రి' అని రాయించి గోడకు తగిలించాను. ఆవిడ ఇంకా వచ్చి చూడలేదు.