సుద్ద అంటిన ముక్కు

ఈరోజు ఆదివారం. మా ఎదురింటి పరుపుల సాయిబు శుక్రవారం పొద్దున పోయారు. నమాజుకని లేచి, మళ్ళీ మంచం మీదికే ఒరిగిపోయారట. ఆయన భార్యను పలకరించి వచ్చి ఇది రాస్తున్నాను. మా విశ్రాంత ఉద్యోగుల సంఘం పత్రికలో ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయమన్నారు. వాటికంటే ముందు రాయవలసింది ఒకటుంది. అది రాయకుండా మంచి మాటలు రాసే అర్హత నాకు లేదు.

కోట ఊళ్ళో మా వీధివాళ్ళందరికీ ఆయన అంగడి తెలుసు. ముందు గదిలో దూది, వెనక గదిలో కాపురం. గుడ్డ పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, సుద్దముక్కతో ఈ అంచు నుంచి ఆ అంచుకు గీత గీసేవారు. ఆ గీత ఎక్కడా వంకరపోయేది కాదు. దూది తగ్గించి ధర తగ్గించమని అడిగేవాళ్ళకు, "పరుపు కుట్టేవాడు పడుకునేవాడి నడుం చూడాల, జేబు గాదు" అనేవారు. పాత పరుపు పారేస్తానంటే ఊరుకునేవారు కాదు. "పారెయ్యబాకమ్మా. అణిగిన దూదిని ఎండలో వేస్తే లేస్తది."

మా మనవరాలు నెల్లూరులో చదువుకుంటూ తన కుక్కను నాకు వదిలింది. పేరు గవ్వ. అది నా ఇంట్లో తిని, ఆయన గడపలో పడుకునేది. ఐదుపూటలా నమాజు చేసే మనిషి కనుక కుక్క ఎంగిలి బట్టలకు తగలకుండా చూసుకునేవారు. లుంగీ అంచు ఎత్తిపట్టి, "అమ్మాయ్, తోవ ఇయ్యి" అని పక్కనుంచి దాటేవారు. బిస్కెట్టు మాత్రం రోజూ పైనుంచి వదిలేవారు.

"ఏం సాయిబూ, ముట్టుకోవు గాని మేపుతావే!" అన్నానొకసారి.

"ముట్టుకోకపోతే దానికి ఆకలుండదా లెక్కలమ్మా?"

సహకార సంఘంలో లెక్కలు రాసి రిటైరయ్యాను కనుక వీధికంతా నేను లెక్కలమ్మనే.

చుట్టూ రొయ్యల గుంటలు, దోమలు. దోమకాటు వల్ల కుక్కల గుండెలో పురుగులు చేరతాయని, వాటికీ, ఒంటి మీది పేలకూ గోమార్లకూ కలిపి నెలకొక బిళ్ళ వేయమని డాక్టరు చెప్పారు. పోయిన వానాకాలం కంటి ఆపరేషన్ కోసం గూడూరులో ఉండిపోయి ఒక నెల తప్పించాను. తిరిగొచ్చాక, తప్పిన నెలదీ ఈ నెలదీ కలిపి రెండు బిళ్ళలు బెల్లంలో పెట్టి తినిపించాను. నా బుద్ధి అంతే. బకాయి ఉంటే తీర్చాలి.

మధ్యాహ్నానికి గవ్వ వాంతి చేసుకుంది. తూలుతూ ఎదురింటికి పోయింది. కాసేపటికి కేకలు వినిపించి వెళ్ళి చూస్తే అంగడి ముందు కాళ్ళు కొట్టుకుంటూ పడి ఉంది. నోట్లో నురుగు. ముక్కు మీద తెల్లటి పొడి. నాకు ఆ పొడి తప్ప ఇంకేదీ కనబడలేదు.

"ఏం పొడి చల్లినావు సాయిబూ? నోరులేని దాన్ని చంపుతావా?" అని అరిచాను. నా గొంతు చిన్నది కాదు. వీధంతా చేరింది.

"అది సుద్దమ్మా. గీత గీసుకునేది" అని ఆయన గుడ్డ మీద రాలిన పొడి చిటికెడు తీసి తన నాలుక మీద వేసుకున్నారు.

"పరుపులో నల్లులు చావాలంటే ఏదో ఒకటి కలపక ఎట్టా లే" అన్నాడు టీకొట్టతను. నలుగురు నవ్వారు. నేను ఆపలేదు.

ఆయన పరుపు గుడ్డ ఒకటి లాగి, గవ్వను అందులో చుట్టి, రెండు చేతులా గుండెకు అదుముకుని ఆటో ఎక్కారు. నురుగు ఆయన చొక్కా మీదే కారింది. వెనకాలే నేనూ ఎక్కాను.

"ఏమైనా మందులు వేశారా?" అని డాక్టరు అడిగారు. రెండు బిళ్ళల సంగతి చెప్పాను. డాక్టరు తల పట్టుకున్నారు. "ఒక్క బిళ్ళకే కొన్నిటికి వాంతులు, తూలడం, వణుకు వస్తాయి. అరుదుగా మూర్ఛ కూడా. మీరు రెండు వేశారు. నెల తప్పితే నన్ను అడగాలి గదమ్మా." సాయిబు పక్కనే నిలబడి అంతా విన్నారు. "చెప్పినావు గదమ్మా, బాగయింది. ముందు దాని సంగతి చూడనీ" అన్నారు, అంతే. ఇంటికొచ్చి చేతులు మట్టితో తోముకుని, స్నానం చేసి, వేరే చొక్కాతో నమాజుకు వెళ్ళారు.

గవ్వ బతికింది. మర్నాడు ఆయన్ను మా ఇంట్లోకి పిలిచి, కాఫీ ఇచ్చి, తప్పు నాదేనన్నాను. "పోనీలేమ్మా" అన్నారు. అంతటితో చెల్లిందనుకున్నాను. నింద వేసింది నడివీధిలో. క్షమాపణ అడిగింది నాలుగు గోడల మధ్య. ఈ రెండూ సరిపోవని నాకు తెలియదా?

సాయిబు దగ్గర పెళ్ళికి పరుపులు చెప్పిన ఇల్లాలు పాలకేంద్రం దగ్గర నన్నే అడిగింది. "లెక్కలమ్మా, సాయిబు దూదిలో విషం కలుపుతాడంట గదా? పసిబిడ్డలు పడుకునేది గదా, భయంగా ఉండాది." నేనేమన్నాను? "ఇప్పుడెందుకులే ఆ గొడవ" అన్నాను. పదిమందిలో నా పొరపాటు చెప్పుకోవడానికి నోరు రాలేదు. ఆమె ఆ పరుపులు తీసుకోలేదు. తరువాత చాలామంది అంగడి మెట్లెక్కలేదు. ఆయన మాత్రం నన్ను చూస్తే మునుపటిలాగే, "ఏం లెక్కలమ్మా, కన్నెట్టుంది?" అని అడిగేవారు. ఆ పలకరింపు వినలేక నేను తలుపు దగ్గరగా వేసుకునేదాన్ని.

ఇందాక ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని, "మీ మీద ఒక్క మాట అనలేదమ్మా. ఆ పెళ్ళి పరుపులు అట్నే ఉండాయి" అంది. గోడకు ఆనించిన పరుపులు చూశాను. ఇకమీదట అంగడి కూతురు నడుపుతుందట. ఆ బిడ్డ నావైపు చూడలేదు.

ఇక జరగవలసినవి:

1. ఇది అచ్చయ్యేదాకా ఆగకుండా, రేపు పొద్దున ఆ అంగడి ముందే నిలబడి నేను చదవాలి. ఆ రోజు ఎంత గొంతుతో అరిచానో అంత గొంతుతో.

2. పెళ్ళివారింటికి నేనే వెళ్ళి, విషం సాయిబు దూదిలో లేదని, తప్పు నా చేతిదని చెప్పాలి.

3. కుక్కలున్నవాళ్ళు నెల తప్పితే రెండు బిళ్ళలు వేయకూడదు. డాక్టరునే అడగాలి. బిళ్ళ వేశాక కుక్క తూలినా వణికినా, ఏది ఎంత వేశారో దాచకుండా వెంటనే చెప్పాలి. పాత డాక్టరు బదిలీ అయ్యారు. గవ్వకు మూర్ఛ వచ్చిందని కొత్త డాక్టరుకు మందు రాయకముందే నేను చెప్పాలి.

4. నా మంచానికి పరుపు కుట్టమని ఆయన కూతుర్ని అడగాలి. కుడతానంటే, గుడ్డ పరిచి వాళ్ళ నాన్న సుద్దతోనే గీత గీస్తుంది. గవ్వ వాసన చూడబోతే ఆపకూడదు. ముక్కుకు సుద్ద అంటితే తుడవకూడదు. ఆ తెల్ల ముక్కుతోనే అది వీధి చివరిదాకా నడిచి రావాలి.