గ్లీబ్ అన్న మాటకు అర్థం

విజయనగరంలో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఎదురుగా, జిరాక్స్ షాపు అరుగు మీద ముప్పై ఏళ్లుగా సత్యరాజు బల్ల ఉంది. ఆ వీధిలో దస్తావేజులు రాసేవాళ్లకు కొదవ లేదు. పాత ఇంగ్లీషు కాగితం వస్తే మాత్రం అందరూ ఆయన వైపే చెయ్యి చూపిస్తారు. దొరల కాలం నాటి దస్తావేజుల్లో భూమికి సంబంధించి ఇప్పుడెవరూ వాడని మాటలుంటాయి. మెస్వేజ్ అంటే ఒక్క ఇల్లు కాదు, పశువుల శాల, బావి, పెరడు అన్నీ కలిపి. ఎస్చీట్ అంటే వారసులు లేక భూమి సర్కారు పాలవడం. ఒకసారి వినోద్ అనే కుర్ర లాయరు ఒక కాగితంలో డిమైజ్ అన్న మాట చూసి, పొలం గలాయన పోయాడనుకుని మరణ ధ్రువపత్రం కోసం రెండు నెలలు తిరిగాడు.

"సచ్చిపోడం కాదు బాబూ. ఆయన పొలం కౌలుకిచ్చినాడు, అంతే" అన్నాడు సత్యరాజు.

ఆయన తాత మిషన్ దొరగారింట్లో వంటవాడు. ఊరి చివర మిషన్ తోటలో పాక వేసుకుని ఉండమన్నారట. పాక పెంకుటిల్లయింది, ఆపైన డాబా అయింది. దానిచుట్టూ అలాంటివే మరో ఆరిళ్లు లేచాయి. సత్యరాజు అక్కడే పుట్టాడు. భార్య అన్నమ్మ, పక్కింట్లో ఆమె తమ్ముడు బెన్హర్, ఆటో తోలుకుంటాడు.

గత ఏడాది వేసవిలో చర్చి కమిటీ ఆ తోటలో నర్సింగ్ కాలేజీ కట్టాలని తీర్మానించింది. మూడు తరాలుగా ఉంటున్నాం, స్థలం మాదే అన్నారు ఏడిళ్లవాళ్లూ. కోర్టుకెక్కితే ఇంకో తరం గడిచిపోతుందని పెద్దలు కూర్చోబెట్టారు. చర్చి బీరువాలో వందేళ్లు దాటిన దస్తావేజు ఒకటుంది. అందులో ఏముంటే దానికి కట్టుబడతామని రెండు పక్షాలూ సంతకాలు పెట్టాయి. దాన్ని చదివి తెలుగులో రాసిపెట్టాల్సింది ఎవరన్నప్పుడు రెండు పక్షాల నోటా ఒకటే పేరు వచ్చింది.

"నా ఇల్లు కూడా అందులోదే టీచరుగారూ. నన్నొదిలేయండి" అన్నాడు సత్యరాజు, కమిటీ కార్యదర్శి ఝాన్సీ టీచరుతో.

"అందుకే నువ్వు చదవాలంటున్నాం. నీ మాటని ఎవరూ కాదనరు" అందావిడ.

కాగితం ఇంటికి తెచ్చుకున్నాడు. రెండో పేజీలో ఆ మాట కనబడగానే కళ్లజోడు తీసి పక్కన పెట్టాడు. గ్లీబ్. అట్టలు ఊడిన పాత నిఘంటువులో దానికి రెండర్థాలున్నాయి. ఒకటి, వట్టి నేల, సాగుభూమి. రెండోది, పాస్టరు జీవనం కోసం చర్చికి విడిచిపెట్టిన భూమి. దస్తావేజులో ఆ మాట కిందే, తోటలో ఉండే పనివాళ్ల గురించి ఇంకో మాట, సఫరెన్స్. పొమ్మనేవాళ్లు లేరు కాబట్టి ఉంటున్నారని, అంతకుమించి హక్కేమీ లేదని.

బెన్హర్ గుమ్మంలోనే నిలబడి విన్నాడు.

"రెండర్థాలున్నాయంటన్నావు కద బావా. మొదటిది రాసీ. అది అబద్దం కాదు కదేటి?"

"పక్కనే పాస్టరు పోషణకని ఉన్నాదిరా."

"పక్కన ఉన్నాదని ఎవుడికి తెలుస్తాది? సదివేది నువ్వే కదా!"

మర్నాడు సత్యరాజు కాగితం పట్టుకెళ్లి వినోద్ చేతిలో పెట్టాడు. "విశాఖపట్నంలో ఎవరికైనా సూపించు బాబూ. నాకు సూపు ఆనటం లేదు."

వినోద్ అక్కడికక్కడే ఫోన్‌లో కొట్టి చూసి నవ్వాడు. "మట్టిగడ్డ అని చెబుతోంది సార్. ఇదే రాయించేస్తే సరిపోదూ?"

సత్యరాజుకి నవ్వు రాలేదు. ఇంకెవరి చేతికిచ్చినా అంతే. ఆ మాట తెలిసినవాడు తనొక్కడే. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ వారమంతా రాయడం, కొట్టేయడం. శనివారం పొద్దున్న అన్నమ్మ టీ గ్లాసు ముందు పెట్టి అంది: "నువ్వు అబద్దం రాస్తే నేను సర్చిలో కూకోలేను. నిజం రాస్తే ఈ ఇంట్లో కూకోలేను. నన్నేటి అడక్కు."

ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ చదివాడు. దాచలేదు. "ఈ మాటకి రెండర్థాలున్నాయి. ఈ కాగితంలో మాత్రం రెండోదే" అన్నాడు. ఎవరో మళ్లీ అడిగితే సఫరెన్స్ అర్థం రెండోసారి చెప్పాడు. బెన్హర్ కుర్చీ తోసుకుని లేచి వెళ్లిపోయాడు.

ఖాళీ చేయడానికి ఏడాది గడువిచ్చారు. ఒక్కొక్క కుటుంబమే వెళ్లింది. చివర్న బెన్హర్ ట్రాలీ ఆటోలో మంచాలూ బిందెలూ ఎక్కించుకుని కొత్తవలస వెళ్లిపోయాడు. అక్క ఏడుస్తుంటే తల నిమిరాడు గాని బావ వైపు చూడలేదు.

సత్యరాజు కూడా గది వెతుక్కుంటున్నాడు. అప్పుడు ఝాన్సీ టీచరు ఒక ఉత్తరం తెచ్చింది. కాలేజీ కట్టడం పూర్తయ్యేదాకా సిమెంటు, ఇనుము చూసుకుంటూ అదే ఇంట్లో ఉండొచ్చని కమిటీ తీర్మానం.

"వద్దు టీచరుగారూ. దీనికోసమే అలా సదివేనంటారు."

"ఎవరో ఏదో అంటారని, మోకాళ్లు అరిగిన మనిషిని తీసుకుని ఎక్కడికెళ్తావు?"

ఆయన అన్నమ్మ వైపు చూశాడు. ఆవిడ గోడ పట్టుకుని, మంచం మీంచి లేవబోతోంది. సత్యరాజు సంతకం పెట్టాడు.

ఊళ్లో ఆయన అనుకున్నట్టే అన్నారు. బల్ల దగ్గరికి మనుషులు ఇప్పటికీ వస్తారు, పని చేయించుకుంటారు, ఇదివరకులా టీ తాగుదాం రమ్మనరు. మిషన్ తోట చుట్టూ రేకులు నిలబెట్టారు. ఆరిళ్లూ పడగొట్టిన చోట గోతులు తవ్వారు. సాయంత్రం ఆరింటికి గేటు మూసి తాళం వేసేది ఆయనే. లోపలి నుంచి వేసుకుంటాడు.

మొన్న బెన్హర్ కూతురు దీవెనకి నిశ్చితార్థం. కబురు అన్నమ్మకు ఫోన్‌లో వచ్చింది.

"నన్నొక్కదాన్నే రమ్మన్నాడు" అంది ఆవిడ, చీర మడత పెడుతూ.

"ఎల్లు. పిల్లకి నా దీవెన కూడా సెప్పు."

"సెప్పనిస్తాడో లేదో."

స్టేషనులో ఆమెను పాసింజరు ఎక్కించి, సంచీ పక్కన పెట్టి, కిటికీ దగ్గర నిలబడ్డాడు. బండి కదిలింది. అయిదు దాటింది. సిమెంటు లారీ వచ్చే వేళైందని గుర్తొచ్చి, ఆటో కోసం చెయ్యెత్తాడు.