సంతకం పెట్టిన గుడ్లు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కోళ్లకీ ఆడపిల్లలకీ ఒకటే పరీక్ష, రంగు. గూడూరు దగ్గర మా ఊళ్లో మా తాతయ్యకి సేతు కోళ్ల పిచ్చి ఉండేది. సేతు అంటే ఒంటి మీద ఒక్క నల్ల ఈకైనా లేని తెల్లకోడి. ఆయన పుంజుని చూడటానికి బందరు నుంచి కూడా మనుషులు వచ్చేవాళ్లు. వాళ్ల ముందు దాని రెక్క విప్పి ఈకలు ఒక్కొక్కటీ తిరగేసి చూపించేవాడు. నన్ను మాత్రం అప్పుడు పెరట్లోకి పొమ్మనేవాడు. నేను నలుపు. మా అమ్మ పుట్టిల్లు నాగాయలంక. అక్కడి ఎండ నాకు కడుపులో ఉండగానే తగిలిందని ఆయన వేళాకోళం. అమ్మ తప్ప అందరూ నవ్వేవాళ్లు. అరవై దాటాయి నాకు, ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఒకసారి అమ్మ పుట్టింటి నుంచి ఒక తెల్ల పెట్టని తెచ్చుకుంది. తాతయ్య దాన్ని తన పుంజుతో కలిపాడు. గుడ్లు పొదిగితే మూడు పిల్లలు నల్లగా వచ్చాయి. ఇక చూడాలి ఆయన వీరంగం! తన పుంజు వంశం చెడిందన్నాడు. ఆ ఊరి నుంచి ఏదొచ్చినా ఇంతేనన్నాడు. ఆదివారం ఆ పెట్టని కూర వండమన్నాడు. దాన్ని చేతులారా మేపుకున్నది అమ్మ, వండాల్సిందీ అమ్మే. ఆవిడ తలుపు చాటున నిలబడి సరేనని తలూపింది. నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో అమ్మ మీదా అంతే వచ్చింది.

ఆ కేకలకి పక్కింటి అక్క వచ్చింది. పెరట్లో కోళ్లు పెంచి గుడ్లమ్ముకునే మనిషి. కోళ్ల సంగతి తాతయ్య కంటే ఆమెకే ఎక్కువ తెలుసని ఊళ్లో ఆడవాళ్లందరికీ తెలుసు, మగవాళ్లకే తెలీదు. ఆమె గొడవపడలేదు. అమ్మ పెట్టని తన తెల్ల పుంజుతో కలుపుతానంది. తాతయ్య పుంజుని ఆయన సొంత తెల్ల పెట్టతోనే కలపమంది. రెండు పెట్టల గుడ్లూ తన వసారాలో ఒకేసారి పొదిగిస్తే తప్పెక్కడుందో తేలిపోతుందంది. తాతయ్య అప్పుడే గెలిచేసినట్టు ఒప్పుకున్నాడు.

పుంజుని మార్చినా పాత పుంజు పోలిక రెండు మూడు వారాల దాకా గుడ్లలో దిగుతుందట. అందుకని అప్పటిదాకా అమ్మ పెట్ట పెట్టిన గుడ్లన్నీ అక్క నాకు ఆమ్లెట్లు వేసి పెట్టింది. తరవాతివే దాచింది. తాతయ్యకి మాత్రం ఎవరి మీదా నమ్మకం లేదు. ఎవరైనా కలిపేస్తారేమోనని నా బడి పెన్సిలు లాక్కుని తన గుడ్లన్నిటి మీదా సంతకాలు పెట్టి మరీ పంపాడు.

ఇరవై ఒకటో రోజున పొద్దున్నే అక్క పిలిస్తే అందరం వెళ్లాం. చుట్టుపక్కల వాళ్లు కూడా వచ్చారు. అక్క గంపలు ఎత్తింది. తాతయ్య పెట్ట కింద అన్నీ లేత పసుపు పిల్లలే, పెరిగితే తెల్లగా అయ్యేవి. అమ్మ పెట్ట కింద రెండు బొగ్గులాంటి నల్ల పిల్లలు తలలు బయటపెట్టి చూస్తున్నాయి. తాతయ్య అమ్మ వైపు తిరిగాడు. ఆ పెట్టనీ, మా అమ్మనీ, నన్నూ, నాగాయలంకనీ కలిపి వీధంతా వినపడేలా కడిగేశాడు. నేను ఇటుక ముక్క అందుకున్నాను. అక్క నా చేతిలోంచి దాన్ని తీసి గోడ పక్కన పెట్టింది. తరవాత ఆమె అమ్మ పెట్ట కింద చెయ్యి పెట్టి గుడ్డు పెంకులు తీసి తాతయ్య అరచేతిలో పోసింది. ప్రతి పెంకు మీదా ఆయన సంతకం గీతలే.

"గుడ్లు మార్చావా?" అన్నాడు.

"మార్చానండీ తాతయ్య గారూ. మీ పెట్ట గుడ్లు దీని కింద, దీని గుడ్లు మీ పెట్ట కింద పెట్టాను. సంతకం మాత్రం మార్చలేదు. రంగు పెట్టలోనూ దాగుంటుంది, పుంజులోనూ దాగుంటుంది."

ఆయన పెంకులు నలిపి పారేశాడు. పుంజుకి వయసైపోయిందని గొణిగి వెళ్లిపోయాడు. పెట్ట బతికింది. అంతే జరిగింది, ఇంకేమీ జరగలేదు. తప్పు మా అమ్మదనుకున్నప్పుడు వీధికెక్కి అరిచిన మనిషి, తనదని తేలాక వంటింట్లోకి వచ్చి ఒక్క మాట చెప్పలేకపోయాడు. మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని మజ్జిగ అడిగితే అమ్మ పోసింది. ఆ మజ్జిగని నేను ఇంతవరకూ క్షమించలేదు.

అక్క దగ్గర నేర్చుకున్నది కోళ్ల విద్య ఒక్కటే కాదు. నింద ఎంత గట్టిగా వేస్తారో, దాన్ని అంత గట్టిగానే, అందరి ముందే దించాలని నేర్చుకున్నాను. కిందటి నెల గుడివాడ ఆసుపత్రిలో మా చిన్నబ్బాయికి కూతురు పుట్టింది. చూడటానికి వచ్చిన మా ఆడపడుచు పొత్తిలి తొలగించి చూసింది. "ఈ రంగేమిటమ్మా, మీ వైపు వాళ్లదా?" అని మంచం మీదున్న మా కోడల్ని అడిగింది. ఆ పిల్ల దుప్పటి సర్దుకుంది.

"కాదు వదినా, నాది," అన్నాను, బయట వరండాలో కూర్చున్నవాళ్లకి కూడా వినపడేలా.