మసకబారింది తెరా, నా కళ్ళా

నూజివీడు దగ్గర మామిడి తోటల మధ్య మా ఇల్లు. ఇంట్లోనే కూర్చుని ఒక ప్రచురణ సంస్థకు ల్యాప్‌టాప్‌లో ప్రూఫులు దిద్దేదాన్ని. మొన్నామధ్య వేసవిలో, తోటలో కోతలు మొదలైన రోజుల్లో, తెర మీద అక్షరాలు మసగ్గా కనిపించసాగాయి. ఒత్తులు సరిగా తెలిసేవి కావు.

ఇంకొకరైతే తెర పాడైందనుకునేవారు. నాకు మాత్రం మా నాన్నగారు గుర్తొచ్చారు. కంట్లో ఒత్తిడి పెరిగే నీటికాసుల జబ్బు వచ్చి, నొప్పీ మంటా ఏమీ లేకుండానే ఆయన చూపు పోయింది. మొదట్లో ఆయన కూడా ఇంట్లో వెలుతురు చాలడం లేదని బల్బులు మార్పించేవారు. ఆ జబ్బు పిల్లలకూ రావచ్చని డాక్టరు అప్పుడే చెప్పారు.

వెలుతురు పెంచే మీట నొక్కాను. తెర మీది గీత చివరిదాకా వెళ్ళింది గానీ వెలుగు పెరగలేదు. బ్యాటరీ ఆదా చేసే సెట్టింగు తీసేశాను. ఛార్జర్ పెట్టి చూశాను. ఆపి మళ్ళీ ఆన్ చేశాను. పక్కన ఫోను పెట్టి పోల్చుకుంటే అది నయమనిపించింది. అంతలోనే అదీ మసకగా ఉందేమోనని అనుమానం. ఒక్కో కన్నూ మూసుకుని గోడ మీది క్యాలెండర్ అంకెలు చదివాను. చదవగలిగాను. కానీ నాన్నగారూ చాలాకాలం ఎదురుగా ఉన్నవి చదివేవారు, పక్కనున్నవే కనబడేవి కావు.

సాయంత్రం మా ఆయన్ని పిలిచి, "ఈ తెర ఎలా ఉందండీ?" అని అడిగాను.

ఆయన ఫోనులో కోత కూలీలతో మాట్లాడుతూ గుమ్మంలోంచే ఒకసారి చూసి, "బాగానే ఉందిగా," అని వెళ్ళిపోయారు. అంటే తేడా నా కళ్ళలోనే ఉందన్నమాట అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం పని మధ్యలో తెర పూర్తిగా నల్లబడింది. లోపల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తూనే ఉంది. నా చేతులు చూసుకున్నాను. కనిపిస్తున్నాయి. అయినా నమ్మకం కుదరలేదు. వరండాలో ఆవకాయ ముక్కలు తుడుస్తున్న అత్తయ్యను కేకేశాను.

"ఇందులో మీకేమన్నా కనపడుతుందా అత్తయ్యా?"

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని వంగి చూశారు. "ఏం కనపడుద్దమ్మా, నల్లగా ఉంటేను. కరెంటు పోయిందా ఏంటి?"

పోయింది తెరే, నా కళ్ళు కావని తెలిసి నాకు ఏడుపొచ్చింది. ఎందుకని ఆవిడ అడిగితే అంతా చెప్పేశాను. విని, కాసేపు నా వీపు నిమిరారు.

ఆవిడకు టార్చి ఇచ్చి తెర మీదికి ఏటవాలుగా పట్టుకోమన్నాను. ఆ వెలుగులో నేను దిద్దుతున్న పేజీ లీలగా కనిపించింది. బొమ్మ ఉంది, వెనకనుంచి రావాల్సిన వెలుగే లేదు. ల్యాప్‌టాప్‌ను వైరుతో టీవీకి కలిపి మిగిలిన పేజీలు పూర్తిచేశాను.

నూజివీడులో రిపేరు షాపతను విప్పి చూసి, "మూత మడతపడే చోట వైరు నలిగిందండీ. మూత కదిలినప్పుడల్లా వెలుగు తగ్గుద్ది," అన్నాడు. వైరు మార్చాక తెర మామూలుగా వెలిగింది.

అత్తయ్య అంతటితో వదల్లేదు. నన్ను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. యంత్రం మీద గడ్డం ఆనించి, డాక్టరు చెప్పిన వైపల్లా చూశాను.

"కంటి నరం బాగానే ఉందమ్మా," అన్నారు డాక్టరు. "కంట్లో ఒత్తిడి మాత్రం ఉండాల్సిన దానికి చివరంచున ఉంది. ఇప్పుడు మందులక్కర్లేదు గానీ, ఆర్నెల్లకోసారి చూపించుకోవాలి."

బయటికొచ్చాక అత్తయ్య అడిగారు, "అంటే భయం లేదన్నట్టేగా?"

"ఇప్పటికైతే లేదంట అత్తయ్యా."

మళ్ళీ ఎప్పుడు రావాలో ఆవిడ బస్సెక్కేలోపు నాచేత రెండుసార్లు చెప్పించుకున్నారు.