మందూ దోకుడుపారా, మధ్యలో గుంటక

"ఏమే రోశమ్మా, కలుపును మందే చంపితే నీ ముఠా ఏం తిని బతికిద్ది?" అని మూడేళ్ల కిందట మస్తాన్‌రావు అడిగాడు. బొల్లాపల్లి దగ్గర నాలుగెకరాల పత్తి ఆయనది. రోశమ్మ వెనక కలుపు తీసే ఆడవాళ్లు పదిమంది. ప్రశ్న మొరటుదే, కానీ అబద్ధం కాదు.

"తుంగ చచ్చిన రోజున అడుగు బాబాయ్," అంది రోశమ్మ.

మొలక రాకముందు నేల మీద కొట్టే మందుకు గింజ నుంచి లేచే గడ్డి లొంగుతుంది; గడ్డ నుంచి లేచే తుంగ లొంగదు. పక్క చేలో ఈ సంగతి కళ్లారా చూశాక, మందుతో పోట్లాట దండగని ఆమె తేల్చుకుంది. బ్యాటరీ స్ప్రేయర్ కొని, రోజు కూలికి కాకుండా చేనుకింత అని గుత్త మాట్లాడటం మొదలుపెట్టింది. విత్తిన రెండు రోజుల్లో, తడి ఆరకముందు, ఒకసారి మందు. నెల తిరిగాక, మిగిలిన తుంగను చెక్కెయ్యడానికి ఒకసారి దోకుడుపార. మందు పొరను తొక్కకూడదు గనక వెనక్కి నడుస్తూ కొట్టాలి. మొదటి రోజే గట్టు తగిలి వెల్లకిలా పడింది. ముఠా అంతా పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది.

కూలి చెమట పవిత్రమని వేదికలెక్కి చెప్పేవాళ్లెవరూ వరుసలో వంగి మునుం పట్టిన పాపాన పోలేదు. మూడుసార్లు వంగే చేలో ఒక్కసారి వంగితే పుణ్యం తగ్గదు, నడుం మిగులుతుంది. మిగిలిన రోజుల్లో ముఠా ఇంకో చేను పడుతుంది.

కిందటి వానాకాలం మస్తాన్‌రావూ గుత్తకిచ్చాడు. రోశమ్మది ఒకటే షరతు. "పాతిక రోజులు ఎద్దుల్ని కట్టి గుంటక తోలమాక బాబాయ్. మందంతా పైపొరలోనే ఉంటది. అది గీకావంటే ఇద్దరం మునుగుతాం."

పదిహేనో రోజుకే ఆయనకు చేతులు దురదపెట్టాయి. గుంటక తోలని చేను గడ్డం గీయని మొహంలా ఉందంటూ రెండెకరాలు తోలేశాడు. మిగతాది తోలకముందే ఎద్దు కుంటింది.

నెల తిరిగేసరికి తోలని రెండెకరాల్లో తుంగ తప్ప ఏమీ లేదు. తోలిన రెండెకరాల్లో గలిజేరు, ఊద పత్తిని మింగేసేలా ఉన్నాయి.

"నీ మందు నకిలీదే," అన్నాడు మస్తాన్‌రావు. "గుత్తంటే గుత్తే. ఎన్నిసార్లు మొలిస్తే అన్నిసార్లు తియ్యాల."

ఒప్పుకుంటే పదిమందికి రెండు రోజుల కూలి ఆమె చేతి నుంచి పోతుంది. కాదంటే రేపు ఊళ్లో గుత్త ఇచ్చేవాడుండడు.

"ఒకటే డబ్బా బాబాయ్. ఈ పక్కన అసలుదీ, ఆ పక్కన నకిలీదీ అయిద్దా?"

వెనక నుంచి ముఠాలోని లక్ష్మీతిరుపతమ్మ అందుకుంది. "మందుదేం తప్పు లేదక్కా. ఎద్దే కుంటడం ఆలిశం చేసింది!"

మస్తాన్‌రావు మొహం ముడుచుకోబోయి నవ్వేశాడు. "సరేలేవే, ఆ రెండెకరాల రెండో దఫా కూలి నాది. పత్తి అమ్మినాక ఇస్తా."

చేను నిలబడింది. ఈ ఏడు ఇంకో ముగ్గురు రైతులు రోశమ్మను పిలిచి గుత్త మాట్లాడుకున్నారు. పాతిక రోజుల షరతుకు ఒక్కరూ నసగలేదు. ముఠాలో పదకొండో మనిషి చేరింది. ఆడవాళ్లు సాయంత్రం నడుం పట్టుకోకుండానే ఇంటికొస్తున్నారు.

పత్తి అమ్మి ఐదు నెలలైంది. రెండో దఫా కూలిలో మస్తాన్‌రావు ఇంకా పద్దెనిమిది వందలు ఇవ్వాలి.