కొత్త లెన్సు, మల్లయ్య నిలిపిన స్తంభం

మా వారాసిగూడ ఇంటి అరుగుకు రాళ్లు పరిచిన మేస్త్రీ మల్లయ్య పోయిన నెల ఒక ఆదివారం వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నాడు. ముప్పై ఏళ్లకు పైగా మింగిన రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందనీ, ఇక ఉలి ముట్టవద్దనీ డాక్టర్లు చెప్పారట. మాణికేశ్వర్ నగర్‌లో గది ఖాళీ చేసి, గురువారం బండికి భువనగిరి అవతల ఉన్న తన ఊరికి వెళ్లిపోతున్నాడు. "ఒక్క ఫోటువ దియ్యాలె టీచరమ్మా. యూనివర్సిటీ పెద్ద బంగ్ల ముంగట కంబం నేను నిలవెట్టిన్నంటే మా ఊర్ల నవ్వుతరు. ఈ దమ్ముతోని మల్ల పట్నం వస్తనన్న ఆశ లేదు" అన్నాడు.

నా దగ్గర కెమెరా ఉంది. వారం ముందే మా తమ్ముడు సింగపూర్ నుంచి ఒక జూమ్ లెన్సు తెచ్చి ఇచ్చాడు. నిలబడిన చోటు నుంచి కదలకుండా, వలయాన్ని ముందుకూ వెనక్కూ జరిపితే చాలు, బొమ్మ దగ్గరవుతుంది, దూరమవుతుంది. అదే వలయాన్ని తిప్పితే మసక పోయి స్పష్టమవుతుంది. ఇంత పనిచేసే వస్తువు అరచేతిలో ఇమిడిపోతుంది, అర్ధకిలో బరువైనా లేదు. ఇక పాతదెందుకని దాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆనాటి నా మొదటి తప్పు అది.

సోమవారం పొద్దున ఆరున్నరకు రిక్షా మాట్లాడాను. దారిలో మల్లయ్యను ఎక్కించుకొని యూనివర్సిటీకి వెళ్లి, అక్కడ ఆగి, తార్నాకలో దింపడానికి రూపాయిన్నర. "ఇద్దరైతే ఎత్తు కాడ దిగి నడవాలె మరి" అన్నాడు రిక్షా అతను. ఆయన నడవలేడు, నేను దిగుతానన్నాను. అతను నా నెరిసిన తల చూసి, "వద్దు తియ్యమ్మా, పాపం నాకెందుకు? నేనే నూకుత" అన్నాడు. ఎత్తు రాగానే నేను దిగి నడిచాను.

ఏడుంబావుకు చేరాం. ఎండ ఏటవాలుగా పడి గులాబీ రాయి మీద ప్రతి ఉలిగాటూ కనిపించే వేళ అది. ఫోటోలకు వెళ్లేవారు తొమ్మిది దాటనివ్వకండి. మెట్లెక్కేలోపు మల్లయ్య మూడుసార్లు కూర్చున్నాడు. పైకి వచ్చాక స్తంభాన్ని అరచేత్తో ఒకసారి తడిమి, చెయ్యి తీయకుండా అలాగే నిలబడ్డాడు.

కొత్త లెన్సులో చూపు పాతదాని కంటే కొంచెం చీకటిగా ఉంటుంది. అయినా వలయం ఒక కొసకు జరపగానే మల్లయ్య, స్తంభం, వెనక కమాను, అన్నీ ఇమిడాయి. స్తంభం బొమ్మ అంచున నిలిచింది. సంతోషించి, నువ్వూ చూసుకో అని కెమెరా అతని చేతికిచ్చాను.

"ఏంది టీచరమ్మా, కంబం కడుపుతోటున్నది?"

"స్తంభం తిన్నగానే ఉంది. నీ చూపే మసకబారింది" అన్నాను, తరగతిలో కసిరినట్టే.

అతను సంచిలోంచి దారం కట్టిన ఇనుప గుండు తీసి, స్తంభం పక్కన వేలాడదీసి పట్టుకొమ్మని మా వెంట పైకి వచ్చిన రిక్షా అతనికి ఇచ్చాడు. "ఇగ చూడుర్రి" అని కెమెరా నాకు అందించాడు. చూశాను. గుండు బరువుకు నిటారుగా దిగిన దారం కూడా స్తంభంతో పాటే బయటికి ఉబ్బి ఉంది.

"దారం గిట్ల వంగుతదా? నాకు దమ్ము, మీ అద్దానికి కడుపు. ఇద్దరికి దవాఖానే" అన్నాడు మల్లయ్య. నవ్వబోతే దగ్గు వచ్చింది.

ఇరవై ఆరేళ్లు కర్నూలు హైస్కూల్లో సరళరేఖలు గీయించినదాన్ని. "తప్పు నాదే మల్లయ్యా. రేపు పాత లెన్సు తెస్తాను" అన్నాను. అతను కిందికి మెట్ల వైపు చూశాడు. "రేపు మల్ల గివన్ని ఎక్కుతనా?"

వలయం రెండో కొసకు జరిపి, దారం మళ్లీ అంచున పడేలా కెమెరా తిప్పి చూశాను. ఈసారి దారం లోపలికి నొక్కుకుపోయింది. "ఇప్పుడు నడుం చిక్కింది" అన్నాడు తానూ చూసి. ఒక కొసన బయటికి, ఇంకో కొసన లోపలికి వంగే గీత మధ్యలో ఎక్కడో ఒకచోట తిన్నగా ఉండి తీరాలి. లెక్కలు చెప్పినదానికి ఆ మాత్రం తట్టింది. కెమెరా అతని కంటి ముందు పట్టుకొని వలయాన్ని వెంట్రుకవాసి చొప్పున జరిపాను.

"ఆగుర్రి. గీడ."

లెన్సు మీద చెక్కిన అంకెల్లో అరవై దగ్గర వలయం ఆగింది. అక్కడ పెన్సిలుతో గీత పెట్టుకున్నాను. దృశ్యం మళ్లీ ఇమడడానికి నాలుగు మెట్లు దిగవలసి వచ్చింది. మల్లయ్య నవ్వకుండా, చెయ్యి రాతి మీద వేసి నిలబడ్డాడు. ఎనిమిదిన్నర లోపు మూడు బొమ్మలు తీశాను. తార్నాకలో చాయ్ తాగి, అక్కడి స్టూడియోలో రీలు ఇచ్చాను.

చేతిలో కొత్త వస్తువు ఉంటే మనకు ఎదుటివాడి కన్ను మీదే ముందు అనుమానం పుడుతుంది. అతని దగ్గర ఆ గుండు లేకపోతే నేను అనుమానం తీర్చుకోకుండానే మీట నొక్కేదాన్ని. ఊరివాళ్లు వంకర స్తంభాన్ని చూసేవాళ్లు. జూమ్ లెన్సుతో కట్టడాలు తీయబోయేవారికి నా సలహా ఒకటే: బరువు కట్టిన దారం ఒకటి వెంట ఉంచుకోండి, అది ఏ అంకె దగ్గర నిటారుగా కనిపిస్తుందో అక్కడ గీత పెట్టుకోండి.

బుధవారం సాయంత్రం ఫోటో తీసుకొని నేనే మాణికేశ్వర్ నగర్ వెళ్లాను. సామాను మూటల మధ్య కూర్చుని ఉన్న మల్లయ్య తన ముఖం చూసుకోలేదు. గుండు దారాన్ని రెండు చేతులతో బిగించి, ఫోటోలోని స్తంభం వెంట ఆనించి, ఊపిరి బిగబట్టి చాలాసేపు చూశాడు.

"ఇగ నవ్వరు" అన్నాడు.