ఒక బోరు, రెండు బోర్డులు

రెండేళ్ల కిందటి ఎండాకాలం. ఉరవకొండ పక్క పల్లెలో హనుమంతు, ఓబులేసు అని అన్నదమ్ములు. బోరు ఒకటే, చీనితోటలు, అంటే బత్తాయివి, రెండు. ముందు వంతు ప్రకారం చేత్తో గేటువాల్వు తిప్పుకునేవాళ్లు. తర్వాత తోటకొక కంట్రోలర్ బోర్డు పెట్టించుకున్నారు. అవతలి వాల్వు మూసుంటేనే తనది తెరవాల, అదీ దాని పని. అన్న హనుమంతుది పాత బోర్డు, తమ్ముడు ఓబులేసుది వేరే కంపెనీ కొత్తది.

మిట్టన ఉన్న హనుమంతు చెట్లు ఎండబట్టినాయి. నన్ను పిలిపించినాడు. మోటార్లు, స్టార్టర్లు బాగుచేసేది నా పని. నలభై దాటినాక అక్షరాలు నేర్చిందీ ఈ బోర్డుల మీది రాతలు చదవనీకే.

"మస్తానన్నా, నేను లేనప్పుడు వీడు వాల్వు తిప్పుతాండాడు. దొంగనాయాలు!" అన్నాడు హనుమంతు, టీ అంగడి కాడ, అందరి ముందర.

ఓబులేసు తలెత్తలే. "నువ్వే చూసి చెప్పన్నా" అన్నాడు నాతో.

చూసినా. ఒక బోర్డు ఆన్ చేసి, తర్వాత రెండోది ఆన్ చేస్తే అంతా సరిగ్గానే ఉండె. తీగలు మార్చినా. తప్పు దొరకలే.

"ఏమప్పా, మిషన్ బాగుండాది గదా? ఇంక దొంగ ఎవడు?" అన్నాడు హనుమంతు.

ఒకరోజు నేను ఆడుండంగానే కరెంటు పోయింది. రెండు వాల్వులూ మూసుకున్నాయి. కరెంటు తిరిగి వచ్చేసరికి రెండూ తెరుచుకున్నాయి! నీళ్లన్నీ పల్లంలోని ఓబులేసు తోటకే పారినాయి. నేను చేత్తో ఒకదాని తర్వాత ఒకటి లేపుతాంటి, అందుకే దొరకలే. కరెంటొస్తే రెండూ ఒక్కసారే లేస్తాయి. పాతది నిదానం. అవతలిది మూసుందని చూసినాక, తనది తెరిచేలోపల రవ్వంత ఆగుతాది. ఆ సందులో కొత్తది చూస్తే దానికీ మూసినట్టే కనబడుతాది. దీన్ని రేస్ కండిషన్ అంటారని కొత్త బోర్డు కంపెనీలో పనిచేసే ఆమె ఫోన్‌లో చెప్పింది. కొత్తదానికి టైమర్ పెట్టి ఆలస్యంగా లేచేట్టు చేసినా. సరిపోయింది.

అప్పటికే హనుమంతు చెట్లు కట్టెలైనాయి. తమ్ముని ఇంటికి పోయినాడు. నన్నూ పిల్చుకుపోయినాడు.

"తప్పు బోర్డుది రా, ఓబులేసూ."

"బోర్డుదేలే. అందరి ముందర దొంగ అన్నది బోర్డా, నువ్వా?"

హనుమంతు వాకిట్లోనే నిలబడినాడు. లోపలికి రమ్మనలేదు.

ఆ ఎండల్లోనే ఓబులేసు పక్కన వేరే బోరు వేయించినాడు. భూమిలో ఉన్న కొంచెం నీళ్లకు రెండు మోటార్లు. రెండు బోర్లూ ఎండినాయి. తమ్ముని తోట కూడా పోయింది.

ఇప్పుడు ఎవరన్నా నన్ను పిలిచి పక్కోని మీద చెప్పబోతే ఆపుతా. "కరెంటు పోయి వచ్చేదాకా ఈడే కూచుంటా. అంతవరకు ఎవుర్నీ ఏమీ అనొద్దప్పా. మాట అన్నాక నేనొచ్చీ లాభం లేదు" అంటా.